హర్యానా చరిత్రను పానిపట్టు నుంచి మొదలుపెట్టకండి

మీ ప్రశ్న సారాంశం ఇది: పోటీ పరీక్ష కోసం ఉత్తరాది రాష్ట్రాల ప్రాంతీయ చరిత్ర వరసగా చదువుతున్నారు. పంజాబ్‌కు సిక్కు గురువులు, రంజిత్ సింగ్ ఉన్నారు, రాజస్థాన్‌కు రాజపుత్రులున్నారు. హర్యానా దగ్గరకొచ్చేసరికి కురుక్షేత్రం, హర్షుడు, మూడు పానిపట్టు యుద్ధాలు, 1966 తప్ప చేతికేమీ తగలడం లేదు. మిగిలిందంతా ఢిల్లీ చరిత్రలో కలిసిపోతోంది. దీన్ని పట్టుకునే కొస ఏది?

కొస ఉంది కానీ రాజవంశాల పట్టికలో వెతికితే దొరకదు. హర్షుడు రాజధానిని కనౌజ్‌కు మార్చేశాక ఈ నేల మీద కూర్చుని పెద్ద రాజ్యం ఏలినవాళ్లు దాదాపు లేరు. అందుకని రాజుల పేర్లు కాసేపు పక్కన పెట్టి రెండు ప్రశ్నలతో చదవండి. ఇక్కడికి నీళ్లు ఎవరు తెచ్చారు? ఇక్కడి శిస్తు ఏ ఖజానాకు పోయింది? ఈ రెండూ పట్టుకుంటే హరప్పా కాలం నుంచి సట్లెజ్-యమునా కాలువ గొడవ దాకా ఒకే దారం.

ముందు ఒక ఖాళీ మ్యాపు తీసుకోండి. తూర్పు అంచున యమున గీయండి. ఈ రాష్ట్రాన్ని తాకే జీవనది అదొక్కటే, అదీ సరిహద్దులోనే పారుతుంది. ఉత్తరాన శివాలిక్ కొండలు, దక్షిణాన ఆరావళి తోక, పడమర ఎడారి అంచు. యమున పక్క పల్లాన్ని ఖాదర్ అంటారు, దాని పైన ఉన్న మెరకను బాంగర్ అంటారు. నైరుతిలో ఇసుక నేల బాగడ్. ఘగ్గర్ పాత పాయ పొడవునా ఉన్న బంకమట్టి నేల నాలీ. ఆరావళి ఒడిలో మేవాత్. యమునానగర్ వైపు ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల వాన పడితే, సిర్సాకు వెళ్లేసరికి అది మూడు నాలుగు వందలకు పడిపోతుంది. ఈ వాలు గుర్తుపెట్టుకోండి. తర్వాత వచ్చే ప్రతి కాలువా, ప్రతి కరువూ, ప్రతి వలసా దీని మీదే నడుస్తాయి.

పేరు సంగతి. హరి నివాసం కాబట్టి హర్యానా అనీ, హరితారణ్యం నుంచి వచ్చిందనీ వ్యుత్పత్తులు చాలానే ఉన్నాయి. వాటి మీద సమయం ఖర్చు చేయకండి, శాసనాల దగ్గరికి వెళ్లండి. ఢిల్లీ దగ్గరి పాలం దిగుడుబావి శాసనం విక్రమ సంవత్సరం 1333 నాటిది, అంటే బల్బన్ కాలం. హరియానక భూమిని మొదట తోమరులు, తర్వాత చౌహానులు, ఇప్పుడు శక రాజులు అనుభవిస్తున్నారని అందులో ఉంది. శకులంటే ఇక్కడ సుల్తానులే. సర్బన్ శాసనం విక్రమ సంవత్సరం 1384 నాటిది, మహమ్మద్ బిన్ తుగ్లక్ కాలం. అందులో శ్లోకం ఇలా ఉంటుంది: "దేశోఽస్తి హరియాణాఖ్యః పృథివ్యాం స్వర్గసన్నిభః, ఢిల్లికాఖ్యా పురీ తత్ర తోమరైరస్తి నిర్మితా." భూమి మీద స్వర్గంలాంటి హరియాణా అనే దేశముంది, అక్కడ తోమరులు కట్టిన ఢిల్లిక అనే పట్నముంది అని. చూశారా, ఇక్కడ ఢిల్లీ హర్యానాలో ఉన్న ఊరు. హర్యానా ఢిల్లీకి పెరడు కావడం తర్వాతి మాట. ఇంకొకటి గమనించండి. ఈ రెండు శాసనాలూ బావులు తవ్వించినవాళ్లు వేయించినవే. మొదటిది ఉచ్ నుంచి వచ్చిన ఉద్ధరుడనే ఠక్కురుడిది, రెండోది ఖేతల, పైతల అనే ఇద్దరు వర్తకులది. ఈ దేశం పేరు రాతికెక్కింది బావి గట్టునే.

తారీఖుల దగ్గర చాలామంది పొరబడతారు. విక్రమ సంవత్సరంలోంచి 57 తీసేస్తే క్రీస్తు శకం వస్తుందని బట్టీ పడతారు. కానీ ఉత్తరాదిలో విక్రమ సంవత్సరం చైత్రంలో మొదలవుతుంది, కాబట్టి జనవరి దాటాక వచ్చే మాఘ, ఫాల్గుణాలకు 56 మాత్రమే తీసేయాలి. పాలం శాసనం శ్రావణంలో వేసింది, 1333లోంచి 57 తీస్తే 1276, సరిపోయింది. సర్బన్ శాసనం ఫాల్గుణంలో వేసింది, 1384లోంచి 56 తీస్తే 1328. దీన్నే కొన్ని గైడ్లు 1327 అని వేస్తాయి. హర్ష శకానికైతే 606 కలపాలి.

ఇక హరప్పా కాలం. రాఖీగఢీ, బనావలీ, భిర్రానా, కునాల్ ఈ నాలుగూ చాలు. బనావలీలో మట్టితో చేసిన నాగలి బొమ్మ దొరికింది, సేద్యం ఎలా చేసేవారో చెప్పే చిన్న వస్తువు అది. రాఖీగఢీ గురించి రెండు జాగ్రత్తలు. విస్తీర్ణం ఒక్కో పుస్తకంలో ఒక్కో అంకె ఉంటుంది, ఎందుకంటే విడివిడి దిబ్బలను ఒకే నగరంగా కలిపి లెక్కేయాలా వద్దా అన్న దగ్గర పండితులకు పడదు. "హరప్పా కంటే పెద్దది" అని ఖాయంగా రాయకండి. రెండోది, 2019లో వచ్చిన డీఎన్‌ఏ ఫలితం. అది ఒక్క స్త్రీ అస్థిపంజరం నుంచి తీసినది. పరీక్షించిన అరవైకి పైగా నమూనాల్లో పనికొచ్చే డీఎన్‌ఏ దొరికింది అదొక్కదానిలోనే. ఆమెలో స్టెప్పీ, అంటే యూరేషియా గడ్డి మైదానాల, జనాల వంశమూలం లేదని తేలింది. అంతవరకే రాయండి. దాన్నిబట్టి ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని ఆర్యుల వలస మీద వాదించే రెండు వైపులవాళ్లూ పేజీలు నింపేశారు.

అసలు ఆసక్తి అంతా నీళ్ల దగ్గర ఉంది. ఇన్ని ఊళ్లు ఘగ్గర్ పాయ వెంట ఉన్నాయంటే అప్పుడక్కడ మహానది పారుతుండేదని చాలాకాలం అనుకున్నారు. 2017లో వెలువడిన ఒక అధ్యయనం పాయ అడుగు మట్టిని తవ్వి కాలం కట్టింది. అక్కడ పారింది సట్లెజేననీ, హరప్పా నగరాలు పుట్టకముందే, సుమారు 8,000 ఏళ్ల కిందట, అది పడమరకు దారి మార్చుకుందనీ తేల్చింది. అంటే జనం స్థిరపడింది పొంగే మహానది ఒడ్డున కాదు, నది వదిలేసి పోయిన లోయలో. వానాకాలం నీళ్లు, మెత్తటి మట్టి, ఊళ్లను ముంచే వరద లేకపోవడం వాళ్లకు కలిసొచ్చాయి. నది పోయింది కాబట్టి నాగరికత పోయింది అన్న పాత ఒకలైను సమాధానం ఇక చెల్లదు.

యౌధేయులను చాలామంది ఒక వాక్యంలో దాటేస్తారు, అది తప్పు. వాళ్లది గణరాజ్యం. నాణేల మీద రాజు పేరు ఉండదు, "యౌధేయ గణస్య జయః" అని ఉంటుంది, పక్కన కార్తికేయుడు. రోహ్‌తక్ పక్కన ఖోక్రాకోట్ దిబ్బ మీద 1936లో బీర్బల్ సాహ్నీకి యౌధేయుల నాణేలు పోత పోసిన మట్టి అచ్చులు దొరికాయి. ఆయన వృత్తిరీత్యా శిలాజ వృక్షశాస్త్రవేత్త, అయినా అచ్చుల్లో లోహం ఎలా పోసేవారో ఓపికగా విడదీసి చెప్పాడు. మహాభారత సభాపర్వంలో రోహీతకం, అంటే రోహ్‌తక్, కార్తికేయుడికి ఇష్టమైన ఊరని చెప్పడం, యౌధేయుల నాణేల మీది దేవుడు ఆయనే కావడం బాగా అతుకుతాయి. శక క్షత్రపుడు రుద్రదాముడి జునాగఢ్ శాసనం యౌధేయులను వీరులమన్న గర్వంతో లొంగనివాళ్లని తిట్టినట్టే పొగుడుతుంది. సముద్రగుప్తుడి అలహాబాద్ స్తంభం వాళ్లను కప్పం కట్టినవాళ్లలో చేర్చింది. తర్వాత వాళ్ల నాణేలు కనిపించవు.

స్థానేశ్వరం, అంటే నేటి థానేసర్, ఈ నేలకు దక్కిన ఒకే పెద్ద రాజధాని. పుష్యభూతి వంశంలో ప్రభాకరవర్ధనుడు హూణులతో పోరాడి పేరు తెచ్చుకున్నాడు, పెద్ద కొడుకు రాజ్యవర్ధనుడు గౌడ రాజు శశాంకుడి చేతిలో పోయాడు, 606లో హర్షుడు వచ్చాడు. బావ గ్రహవర్మ రాజ్యం కూడా చేతికి రాగానే కనౌజ్‌కు మారిపోయాడు. స్థానేశ్వరం వెలవెలబోయింది. మనవైపు ముడి కూడా ఇక్కడే ఉంది. హర్షుడిని దక్షిణానికి రానీయని బాదామి చాళుక్యుడు రెండో పులకేశి తమ్ముడే వేంగిలో తూర్పు చాళుక్య వంశం నిలబెట్టిన కుబ్జ విష్ణువర్ధనుడు.

పిహోవా శాసనం ఎవరూ చదవరు, మీరు చదవండి. హర్ష శకం 276, అంటే 882, ప్రతీహార భోజుడి కాలం. వేర్వేరు ఊళ్ల నుంచి సంతకు వచ్చిన గుర్రాల వర్తకులు కూడబలుక్కుని, అమ్మిన ప్రతి గుర్రం మీదా ఇంత అని పన్ను తమకు తామే వేసుకుని, ఆ సొమ్మును కనౌజ్ మొదలుకొని పృథూదకం దాకా గుళ్లకు పంచాలని ఒప్పుకున్నారు. పృథూదకమే పిహోవా. వాయవ్యం నుంచి ఢిల్లీ వైపు గుర్రాలు వచ్చే దారి అది. దళాలు వచ్చే దారీ అదే. ఇక్కణ్ణుంచి పానిపట్టు అర్థమవుతుంది.

మూడు యుద్ధాలూ పానిపట్టులోనే ఎందుకు? ఢిల్లీకి 90 కిలోమీటర్ల దూరం. ఉత్తరం నుంచి వచ్చే దళానికి పడమర వైపు నీళ్లుండవు, కొండల వెంట వస్తే నదులూ వాగులూ అడ్డం. మిగిలింది యమున పక్క మెరక ఒక్కటే. అక్కడ నీళ్లు, మేత దొరుకుతాయి, ఒక పక్క నది కాపు కాస్తుంది. 1191, 1192 తరాయిన్ యుద్ధాలు ఇదే దారిలో ఇంకొంచెం ఎగువన జరిగాయి. 1526 ఏప్రిల్ 21, 1556 నవంబర్ 5, 1761 జనవరి 14 అని తారీఖులు రాసుకుని వదిలేయండి. మూడోదాన్ని మాత్రం తిండిలెక్కగా చదవండి. 1760 అక్టోబర్ చివర అఫ్ఘన్ పాలకుడు అహ్మద్ షా అబ్దాలీ బాగ్‌పత్ దగ్గర యమున దాటి మరాఠాలకూ ఢిల్లీకీ మధ్య వచ్చి కూర్చున్నాడు. దక్షిణం నుంచి వచ్చినవాళ్లు ఉత్తరాన, ఉత్తరం నుంచి వచ్చినవాడు దక్షిణాన. రెండున్నర నెలలు అలా ఎదురెదురుగా ఉన్నారు. ధాన్యం దారి తెగిపోయింది, పశువులు చచ్చాయి, చివరికి ఆకలితో బయటికొచ్చి పోరాడారు. మరాఠా ఫిరంగుల నాయకుడు ఇబ్రహీం ఖాన్ గార్దీ అంతకుముందు హైదరాబాద్ నిజాం కొలువులో పనిచేసినవాడే.

ఇక నా దృష్టిలో హర్యానా చరిత్రకు నడిబొడ్డు లాంటివాడు ఫిరోజ్ షా తుగ్లక్, పాలించింది 1351 నుంచి 1388 దాకా. ఆయన వేట కోసం, కోట కోసం ఎంచుకున్న చోట చిన్న లారస్, పెద్ద లారస్ అని రెండు పశువుల పల్లెలుండేవి. ఎండాకాలంలో ఖురాసాన్, ఇరాక్‌ల నుంచి వచ్చే బాటసారులు అక్కడ ఒక్క కుండ నీళ్లకు నాలుగు జీతళ్లు (అప్పటి నాణేలు) ఇచ్చేవారని చరిత్రకారుడు షమ్స్ సిరాజ్ అఫీఫ్ రాశాడు. అలాంటి చోట 1354లో హిసార్-ఎ-ఫిరోజా, అంటే నేటి హిసార్, కట్టి, యమున నుంచి ఒకటి, సట్లెజ్ నుంచి ఒకటి కాలువలు తెప్పించాడు. అప్పటిదాకా ఖరీఫ్ ఒక్కటే పండే నేలలో రబీ కూడా పండింది. అయితే నీళ్లు ఊరికే రాలేదు. ఉలేమాను, అంటే మత పండితులను, పిలిచి, ఇంత శ్రమపడి తెచ్చిన నీటికి సుల్తాను ఏమైనా తీసుకోవచ్చా అని అడిగి, వాళ్లు ఒప్పుకున్నాక పదో వంతు "హక్-ఎ-షర్బ్" వసూలు చేశాడు. మన నీటి తీరువాకు తాతలాంటిది. పరీక్షలో ఇది అడుగుతారు, శాతం రాయడం మర్చిపోకండి.

తోప్రా స్తంభం కథ కూడా ఆయనదే, కొంచెం దగ్గర్నుంచి చూడండి. ఇప్పటి యమునానగర్ జిల్లాలోని తోప్రాలో అశోకుడి ఏకశిలా స్తంభం ఉండేది, ఎత్తు సుమారు 13 మీటర్లు. దాన్ని పగలకుండా ఢిల్లీకి తేవాలి. చుట్టుపక్కల జనాన్ని బూరుగు దూది తెమ్మన్నారు. స్తంభం చుట్టూ దూది పరుపులు పేర్చి మొదట్లో మట్టి తవ్వితే అది మెల్లగా దూది మీదికి ఒరిగింది. తర్వాత దూదిని కొంచెం కొంచెంగా లాగేసి నేలమీదికి దించారు. మొదలు నుంచి కొస దాకా రెల్లు, పచ్చితోళ్లు చుట్టారు. 42 చక్రాల బండి చేయించారు. ఒక్కో చక్రానికి ఒక మోకు, ఒక్కో మోకుకు 200 మంది. అంటే 8,400 మంది లాగితే బండి యమున ఒడ్డుకు చేరింది. అక్కడ పెద్ద పడవల మీదికెక్కించి ఫిరోజాబాద్‌కు తెచ్చారు, నేటి ఫిరోజ్ షా కోట్లా అదే. ఆ రాతలో ఏముందో అప్పట్లో ఎవరూ చదవలేకపోయారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ చదివాడు. అశోకుడి స్తంభ శాసనాల్లో ఏడోది ఈ ఒక్క స్తంభం మీదే ఉంది. "ఢిల్లీ-తోప్రా" అన్న పేరులో ఢిల్లీ చిరునామా, తోప్రా పుట్టిల్లు.

కాలువ తర్వాత ఏమైందన్నది ఎక్కువ పాఠం నేర్పే భాగం. ఫిరోజ్ తర్వాత యమున కాలువ పూడిపోయింది. అక్బర్ కాలంలో ఒకసారి బాగు చేశారు. షాజహాన్ కాలంలో అలీ మర్దాన్ ఖాన్ దాన్ని ఢిల్లీ కోట దాకా తెచ్చాడు. 18వ శతాబ్దపు అల్లకల్లోలంలో మళ్లీ ఎండింది. 1783-84 చాలీసా కరువులో హిసార్, హాన్సీ పల్లెలు ఖాళీ అయిపోయాయి. విక్రమ సంవత్సరం 1840 కాబట్టి నలభై అన్న అర్థంలో చాలీసా. ఆ తర్వాత కొన్నేళ్లకు జార్జ్ థామస్ అనే ఐర్లండ్ సైనికుడు హాన్సీలో కోట బాగు చేసుకుని సొంతంగా రాజ్యమేలడానికి ప్రయత్నించగలిగాడంటే అక్కడ ఎంత ఖాళీ ఏర్పడిందో ఊహించుకోండి. 1803లో మరాఠా సింధియాతో కుదిరిన సుర్జీ-అంజన్‌గావ్ సంధితో ఈ ప్రాంతం ఈస్టిండియా కంపెనీకి వచ్చింది. 1820కల్లా ఢిల్లీ పాయలో, 1825లో హాన్సీ పాయలో మళ్లీ నీళ్లు వదిలారు.

ఇక్కడే తప్పు జరిగింది. కొత్తగా కొలతలు వేయకుండా మొఘలుల కాలువ దారినే వాడుకున్నారు. అది చాలాచోట్ల పల్లంలో, సహజంగా వాననీరు పారే దారిలో ఉంది. కాలువ మెరక మీద ఉండాలి, అప్పుడే రెండు పక్కలకూ నీరు పారుతుంది, వాననీరు దాని దారిన అది పోతుంది. పల్లంలో కట్టలు వేస్తే వాననీటికి అడ్డం పడుతుంది. పైగా కాలువలోంచి ఊట దిగి భూగర్భ జలం పైకి లేస్తుంది. నీరు నేల ఉపరితలానికి దగ్గరైతే ఎండకు ఆవిరై ఉప్పును పైన వదిలేస్తుంది. కర్నాల్, పానిపట్టు చుట్టూ అదే జరిగింది, పచ్చటి పొలాలు చవుడు తేలాయి. మడుగుల్లో దోమలు పెరిగి చలిజ్వరం పట్టుకుంది. కర్నాల్‌లో ఉన్న పెద్ద కంటోన్మెంటునే 1840 దశకం మొదట్లో ఖాళీ చేసి అంబాలాకు తరలించాల్సి వచ్చింది. 1847లో బేకర్, డెంప్‌స్టర్, యూల్ కమిటీ ఊరూరా తిరిగి, జనం కడుపు మీద చేయి పెట్టి ప్లీహం ఉబ్బిందో లేదో లెక్క తీసింది. కాలువ తడి ఉన్న ఊళ్లలోనే జబ్బు ఎక్కువని తేలింది. శతాబ్దం చివరి భాగంలో కాలువను మెరక మీదికి మార్చి, మురుగు కాలువలు తవ్వాకే కొంత కుదుటపడింది. సరిగ్గా అదే 1847లో కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే సాగునీటి చరిత్ర మీద మంచి సమాధానం రాయొచ్చు.

1857 దగ్గర పోరాటాల వివరాల కంటే శిక్షల పట్టిక ముఖ్యం, ఎందుకంటే హర్యానా పటం అందులోంచే వచ్చింది. రేవాడీ రావ్ తులారాం దళాలు నవంబర్ 16న నార్నౌల్ దగ్గర నసీబ్‌పూర్‌లో ఓడిపోయాయి. ఝజ్జర్ నవాబు అబ్దుర్ రహ్మాన్ ఖాన్‌ను, బల్లభ్‌గఢ్ రాజా నాహర్ సింగ్‌ను ఢిల్లీలో ఉరి తీశారు. జప్తు చేసిన భూముల్లో కొన్నింటిని కంపెనీకి సాయపడ్డ సిక్కు సంస్థానాలకు పంచారు: నార్నౌల్ పటియాలాకు, దాద్రీ జీంద్‌కు, బావల్, కాంటీ నాభాకు. మిగిలిన జిల్లాలను 1858లో వాయవ్య రాష్ట్రాల (నేటి ఉత్తరప్రదేశ్ వైపు ప్రాంతం) నుంచి విడదీసి పంజాబ్‌లో కలిపారు. దాంతో రోహ్‌తక్ రైతుకు ఆగ్రా బదులు లాహోర్ రాజధాని అయింది. భాష వేరు, ప్రభుత్వం వేరు అన్న గొడవకు విత్తనం ఇదే.

లాహోర్ శాసనసభలో ఈ ప్రాంతం గొంతు సర్ ఛోటూ రామ్. రోహ్‌తక్ జిల్లా జాట్ రైతు కుటుంబం, యూనియనిస్ట్ పార్టీ. 1934 రుణ విముక్తి చట్టం, 1938 తాకట్టు భూముల వాపసు చట్టం, 1939 వ్యవసాయ మార్కెట్ల చట్టం, ఈ మూడూ ఒక వరసలో గుర్తుపెట్టుకోండి. ఇప్పటికీ హర్యానా రాజకీయాల్లో ఆయన పేరు ఎందుకు పలుకుతుందో వాటిలో తెలుస్తుంది.

విభజనలో పానిపట్టు, కర్నాల్‌ల నుంచి ముస్లింలు వెళ్లిపోయారు, పడమటి పంజాబ్ నుంచి వచ్చినవాళ్లు ఆ ఇళ్లల్లో దిగారు. కురుక్షేత్రం శిబిరంలోనే 1947 డిసెంబర్‌కల్లా సుమారు 3 లక్షల మంది ఉన్నారు. మేవాత్ ముస్లింలు వెళ్లిపోవడానికి మూటలు కట్టుకుంటే గాంధీ డిసెంబర్ 19న ఘసేరా గ్రామానికి వెళ్లి ఆగమన్నారు. చాలామంది ఆగారు. మేవాత్ జనాభా నేటికీ పక్క జిల్లాల కంటే వేరుగా ఉండటానికి అదొక కారణం.

1966. మనకు బాగా తెలిసిన కథే, పాత్రలు వేరు. పంజాబీ మాట్లాడేవాళ్లకు వేరే రాష్ట్రం కావాలన్న పంజాబీ సుబా ఉద్యమం గట్టిపడ్డాక కేంద్రం జస్టిస్ జె.సి. షా అధ్యక్షతన సుబిమల్ దత్, ఎం.ఎం. ఫిలిప్‌లతో కమిషన్ వేసింది. ఏప్రిల్ 23న వేస్తే మే 31కల్లా నివేదిక ఇచ్చేశారు. ఆధారం 1961 జనాభా లెక్కల్లోని మాతృభాష అంకెలు. ఆ లెక్కల్లో పంజాబీ మాట్లాడే హిందువులు చాలామంది హిందీ అని రాయించుకున్నారు, అందుకే ఆ అంకెల మీద గొడవ. చండీగఢ్‌తో సహా ఖరడ్ తహసీలును హర్యానాకు ఇవ్వాలని ఇద్దరు రాశారు, దత్ ఒప్పుకోలేదు. కేంద్రం మధ్యేమార్గంగా చండీగఢ్‌ను కేంద్రపాలిత ప్రాంతం చేసి రెండింటికీ రాజధానిగా ఉంచింది. నవంబర్ 1న ఏడు జిల్లాలతో హర్యానా పుట్టింది: అంబాలా, కర్నాల్, రోహ్‌తక్, హిసార్, గుర్గావ్, మహేంద్రగఢ్, జీంద్. సరిగ్గా పదేళ్ల ముందు అదే తారీఖున ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, కాబట్టి తారీఖు మరవడానికి మీకు వంక లేదు.

మన పోలికలు ఇంకా ఉన్నాయి, జాగ్రత్తగా వాడండి. పొట్టి శ్రీరాములు 58 రోజుల దీక్షలో పోయారు. చండీగఢ్ పంజాబ్‌కే కావాలని దర్శన్ సింగ్ ఫెరూమాన్ 1969లో 74 రోజుల దీక్ష చేసి అక్టోబర్ 27న పోయారు. ఆ తర్వాత 1970 జనవరిలో ఇందిరా గాంధీ చండీగఢ్ పంజాబ్‌కు, బదులుగా అబోహర్-ఫాజిల్కా హర్యానాకు అని ప్రకటించారు. 1985 రాజీవ్-లోంగోవాల్ ఒప్పందం దానికి 1986 జనవరి 26 అని గడువు పెట్టింది. బదులు ఊళ్లు తేల్చడానికి వేసిన మాథ్యూ కమిషన్ లెక్క కందూఖేడా అనే ఒక్క పల్లె దగ్గర ఆగింది. ఆ ఊరు పంజాబీ మాట్లాడేదని తేలడంతో హర్యానాకు ఫాజిల్కా వైపు దారి తెగిపోయింది. హైదరాబాద్ ఉమ్మడి రాజధాని 2014 జూన్ 2 నుంచి చట్టం ప్రకారం పదేళ్లే. చండీగఢ్‌కు చట్టంలో గడువే లేదు, అందుకే అది తెగలేదు. ఆస్తులు పంజాబ్, హర్యానాలు 60:40గా పంచుకున్నాయి, మనవి జనాభా ప్రకారం 58.32:41.68. మన హైకోర్టు 2019 జనవరి 1న విడిపోయింది, వాళ్లది ఇప్పటికీ ఒక్కటే.

"ఆయా రామ్ గయా రామ్" సంగతి ఒక్క వాక్యం చాలు: 1967లో గయా లాల్ అనే ఎమ్మెల్యే పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మారాడు, ఆ పేరు ఫిరాయింపులకు స్థిరపడిపోయింది.

నీళ్ల గొడవ మళ్లీ ముందుకొచ్చింది కొత్త రాష్ట్రంతోనే. 1976 కేంద్ర ఉత్తర్వు రావి-బియాస్ నీటిలో హర్యానాకు 3.5 మిలియన్ ఎకరాల అడుగులు కేటాయించింది. అవి రావాలంటే 214 కిలోమీటర్ల సట్లెజ్-యమునా లింకు కాలువ కావాలి, పంజాబ్‌లో 122, హర్యానాలో 92. హర్యానా తన వంతు తవ్వుకుంది. పంజాబ్‌లో 1982 ఏప్రిల్ 8న కపూరీలో ఇందిరా గాంధీ పని ప్రారంభించారు, తర్వాత ఉగ్రవాద కాలంలో ఇంజినీర్ల హత్యలతో ఆగిపోయింది. కాలువ కట్టాలని 2002లో సుప్రీంకోర్టు డిక్రీ ఇచ్చింది. 2004లో పంజాబ్ పాత ఒప్పందాలన్నీ రద్దు చేస్తూ చట్టం చేసింది. 2016 నవంబర్ 10న కోర్టు ఆ చట్టం చెల్లదని అభిప్రాయం చెప్పింది. నీళ్లు మాత్రం రాలేదు. పంజాబ్ నదీతీర హక్కు (నది పారే రాష్ట్రానిదే నీరు) అంటుంది, హర్యానా ఉమ్మడి రాష్ట్ర ఆస్తిలో వాటా అంటుంది. సమాధానంలో రెండు వాదనలూ రాయాలి. ఒకటే రాస్తే మార్కులు పోతాయి.

చదివాక ఒక అభ్యాసం చేయండి. ఒక్క తాలూకా తీసుకుని దాని శిస్తు ఎవరికి పోయిందో కాలక్రమంలో రాయండి. నార్నౌల్ దీనికి బాగా పనికొస్తుంది. షేర్ షా తాత ఇబ్రాహీం సూర్ సమాధి అక్కడే ఉంది, అంటే సూర్ వంశపు తొలి జాగీరు ముడి అటువైపు. 1857 దాకా ఝజ్జర్ నవాబు. 1858 నుంచి పటియాలా మహారాజు. పక్కనున్న కానోడ్‌కు పటియాలా యువరాజు మహేంద్ర సింగ్ పేరు పెట్టి మహేంద్రగఢ్ చేశారు. 1948లో సంస్థానాల కలయికతో పెప్సూ, అంటే పటియాలా, తూర్పు పంజాబ్ సంస్థానాల సమాఖ్య. 1956లో పంజాబ్. 1966లో హర్యానా. నూట పదేళ్లలో ఐదు ప్రభుత్వాలు. ఇప్పుడు ఇదే పట్టిక హాన్సీకి, తర్వాత కర్నాల్‌కు వేయండి. ఎక్కడ గీత తెగుతుందో చూసి అక్కడ జిల్లా గెజిటీర్ తెరవండి. గెజిటీర్ చదివేటప్పుడు "చరిత్ర" అధ్యాయం కంటే ముందు "భూమి శిస్తు", "నీటి పారుదల" అధ్యాయాలు చదవండి. పాత గెజిటీర్లలో చరిత్ర భాగం విన్న కథలతో నిండి ఉంటుంది, శిస్తు భాగం గుమాస్తాలు దఫ్తరం చూసి రాసింది.